గుమ్మం దగ్గర తడి

సీతమ్మధారలో ఒక పెట్ క్లినిక్‌లో పనిచేస్తాను. బీఎస్సీ జువాలజీ. మా ఇంటా వంటా డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. కార్లలో కుక్కపిల్లల్ని తెచ్చేవాళ్లకి డాక్టరుగారు మందులు రాసిస్తారు, మిగతాది నేను చెబుతాను. కరిస్తే ఆట ఆపేసి అటు తిరిగిపోండి సార్. ఇంట్లో ఉచ్చ పోస్తే తిట్టకండి మేడమ్, తుడిచేసి, ఈసారి తిన్న పావుగంటకి బయటికి తీసుకెళ్లండి. చెప్పులు కొరికితే కొట్టొద్దు, కొరకడానికి దానికంటూ ఏదైనా ఇవ్వండి. వాళ్లు శ్రద్ధగా వింటారు. కొందరు ఫోన్లో రికార్డు కూడా చేసుకుంటారు.

ఈ మాటలే మా నాన్నకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ కోపం ఇంకా పోలేదు. ఎవరి మీద ఎంతో విడదీసి చెప్పలేను.

ఎవరో క్లినిక్ ముందు అట్టపెట్టెలో వదిలేసి పోయిన పిల్ల అది. గోధుమరంగు, ఒక చెవి మడిచిపెట్టినట్టు ఉంటుంది. రెండు నెలలుంటాయేమో. బాబీ అని పేరు పెట్టి, సంచిలో పెట్టుకుని బస్సులో వడ్లపూడిలో మా ఇంటికి తెచ్చేశాను.

నాన్న పేరు గవర్రాజు. ఉక్కు ప్లాంటులో పని. ఒక వారం 'ఏ' షిఫ్టు, ఒక వారం 'బి', ఒక వారం 'సి'. మా ఇంట్లో క్యాలెండరు మీద ప్రతి వారానికీ ఆ అక్షరం రాసి ఉంటుంది. అమ్మే రాస్తుంది. ఆమెకి వచ్చిన ఇంగ్లీషు అక్షరాలు ఆ మూడే.

సి షిఫ్టు వారం రాత్రి డ్యూటీ, నాన్న పగలు పడుకుంటాడు. ఆ వారం మా ఇంట్లో కుక్కరు పెట్టరు, అమ్మ గిన్నెలో వండి గంజి వారుస్తుంది. కొళాయి కింద స్టీలు బిందె మోగుతుందని అందులో పాతగుడ్డ వేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇంతే. అందరిళ్లలోనూ ఇంతేననుకునేదాన్ని.

బాబీ వచ్చినప్పుడు నాన్నకి 'ఏ' షిఫ్టు వారం. నాన్న మూడింటికల్లా ఇంటికొచ్చి, భోంచేసి, దాని నోట్లో వేళ్లు పెట్టి "కొరకరా, కొరుకు" అని నవ్వుతూ ఆడించేవాడు. అలా అలవాటు చెయ్యొద్దని మెల్లిగా అన్నాను. "బీఎస్సీ సదివి కుక్కతో ఎలగ ఆడాలో నాకు సెప్తన్నావేటి" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది.

బి షిఫ్టు వారం ఎలాగో గడిచింది. సి షిఫ్టు మొదలైన మర్నాడు పొద్దున్న ఏడింటికి నాన్న ఇంటికొచ్చాడు. పిల్ల పరుగెత్తుకెళ్లి, ఆయన నేర్పినట్టే, వేళ్లు కొరికింది. నాన్న లాగి ఒక్కటిచ్చాడు. అది వెళ్లి గోడకి తగిలింది.

ఆ మర్నాటినుంచి ఆయన గుమ్మంలో అడుగుపెడితే చాలు, అది నేలకి అతుక్కుపోయి, తోక కడుపులోకి ముడుచుకుని, ఉన్నచోటే పోసేసేది. నాన్నకి అది పొగరులా కనిపించింది. "సూడు, నన్ను సూసే పోత్తంది" అని మెడ పట్టుకుని దాని ముక్కుని ఆ తడిలో రాశాడు. రెండోరోజూ అంతే. పెద్దవాళ్లని చూసి బెదిరిన పిల్లలు అలా పోసుకుంటాయని, తిడితే ఇంకా ఎక్కువవుతుందని నేను రోజుకి నలుగురికి చెబుతాను. మా ఇంట్లో మాత్రం గుడ్డ తెచ్చి తుడిచాను.

గురువారం సాయంత్రం నేను వచ్చేసరికి ఇంట్లో పెద్ద గొడవగా ఉంది. నాన్న నిద్ర చెడకూడదని అమ్మ పొద్దున్నే బాబీ మూతికి చీర అంచు పీలిక కట్టి, బాత్‌రూంలో పెట్టి గడియ వేసింది. అది గోకి గోకి పీలిక ఊడబెరుక్కుంది. కడిగి అక్కడే ఆరబెట్టిన నాన్న సేఫ్టీ బూటు నాలుక, మడమ నమిలేసింది. ఆ బూట్లు లేకుండా ప్లాంటు గేటులోకి పోనివ్వరు. నాన్న పాడైన బూటుతోనే దాన్ని కొట్టాడు. ఎదురింటి గురునాథరావు బాబాయి బూట్లు అడిగి తెచ్చుకుని, అవి బిగుతైనా కాళ్లు అందులో కుక్కుకున్నాడు.

డ్యూటీకి బండెక్కుతూ అన్నాడు: "ఆదివారం ఆఫ్ నాకు. దీన్ని హార్బర్ కాడ సేపల రేవులో వదిలేసొత్తాను. మరి మాటల్లేవు."

రేవులో పెద్దకుక్కలుంటాయి. ఇంత చిన్న పిల్ల అక్కడ ఒక పూట కూడా బతకదు.

ఆయనని ఏమీ అనలేక అమ్మ మీద పడ్డాను. నోరు కట్టేస్తావా, ఊపిరాడకపోతే ఏమయ్యేది అని అడిగాను. అమ్మ బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు.

"నిన్నూ అలగే పెంచేనమ్మా. సి షిఫ్ట్‌లో ఏడిస్తే నోట్లో కొంగు కుక్కీదాన్ని. సచ్చిపోనావేటి? డిగ్రీ సదివేవు గదా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్లుంటాయి నాకు. బయట నాన్న బండి స్టాండు వేసిన చప్పుడు. నా గౌను వెనకంతా వెచ్చగా తడిసిపోవడం. అమ్మ మాట్లాడకుండా నన్ను లోపలికి లాక్కెళ్లి గౌను మార్చడం. ఒకసారి కాదు, చాలాసార్లు.

శుక్రవారం పొద్దున్న స్టాండు చప్పుడు వినిపించింది. నాన్న కుంటుతూ వచ్చాడు, మడమలు రెండూ బొబ్బలెక్కాయి. బాబీ నేలకి అతుక్కుపోయింది. గుమ్మం దగ్గర తడి. నాన్న వంగి బూటు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

నేను మధ్యలో నిలబడ్డాను.

"పొగరు కాదు నాన్నా, భయం. నీ బండి చప్పుడింటే నానూ అలగే పోసీదాన్ని. అమ్మనడుగు."

నాన్న అమ్మ వైపు చూశాడు. అలాంటిదేం లేదని అమ్మ అనేస్తుందనుకున్నాను. అమ్మ తుడిచే గుడ్డ తెచ్చి, వంగి నేల తుడిచింది.

"నాకెవులూ సెప్పలేదేటి" అన్నాడు నాన్న.

"సి షిఫ్ట్ కదా. ఇంట్లో ఎవరు మాటాడతారు" అన్నాను.

బూటు కింద పెట్టాడు. ఇప్పుడేం చెయ్యమంటావని అడిగాడు. క్లినిక్‌లో చెప్పినట్టే చెప్పాను, సార్ అనలేదు అంతే. లోపలికి రా. దానివైపు చూడకు, పేరు పెట్టి పిలవకు, మీదికి వంగకు. పక్కకి తిరిగి నేల మీద కూర్చో. అదే వస్తుంది. రాకపోతే రాదు. నాన్న కుంటుకుంటూ లోపలికి వెళ్లి పడుకున్నాడు.

శనివారం స్టాండు చప్పుడు కాలేదు. బండి వీధి చివరే ఆపి నడిచొచ్చాడు. గోడవారగా కూర్చుని క్యాలెండరు చూస్తూ ఉండిపోయాడు. పిల్ల కాస్త పోసింది. ఆయన కదల్లేదు.

ఆదివారం పొద్దున్న కూడా అలాగే కూర్చున్నాడు. బాబీ ముందు దూరంగా పడుకుంది, తర్వాత పాక్కుంటూ వచ్చి బొబ్బల మీద అంటించిన పట్టీ వాసన చూసింది. బొటనవేలు నాకింది. ఆయన చెయ్యి అలవాటుగా దాని నోటి దగ్గరికి వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చింది. నేల పొడిగా ఉంది.

"పొయ్యలేదు సూడమ్మా" అన్నాడు, నాతో. ముఖం వెలిగిపోయింది. హార్బరు మాట ఎత్తలేదు.

నేను సంతోషించాలి. పిల్ల బతికింది. కానీ కోపం భగ్గుమంది. దాని కోసం ఈ మనిషి రెండు రోజుల్లో బండి వీధి చివర ఆపడం నేర్చుకున్నాడు. రెండే రోజులు. ఇంత తేలికైన పనా ఇది?

తుడవడానికని చేతిలో పట్టుకున్న గుడ్డ అక్కడే పడేసి పెరట్లోకి వెళ్లాను. కొళాయి కింద బిందె ఉంది. అందులోంచి పాతగుడ్డ తీసి అవతలికి విసిరి, కొళాయి పూర్తిగా తిప్పాను.

బిందె ఇల్లంతా మోగింది. నాన్న పడుకునే వేళ అది. అమ్మ పరుగున గుమ్మందాకా వచ్చి నన్ను చూసి ఆగిపోయింది. లోపలినుంచి ఎవరూ ఏమీ అనలేదు. బిందె నిండేదాకా అక్కడే నిలబడ్డాను.