రావణుడి చెవులు

కాశిబుగ్గలో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడే. అందుకే మా వాడలో మెల్లగా మాట్లాడేవాళ్ళు లేరు. నలభై దాటాక చెవులు మొద్దుబారితే "మగ్గం తిన్నది" అనుకుని ఊరుకుంటారు. మా ఆయన వెంకటరాజానికి వినికిడి తగ్గినప్పుడు నేనూ అదే అన్నాను.

కానీ ఆయన ఉత్త నేతగాడా? ఏటేటా మా వాడవాళ్ళు ఆడే చిరుతల రామాయణంలో రావణుడు. ఆయన గొంతెత్తితే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఆట నేర్చుకునేటప్పుడు, హనుమంతుడు మాట్లాడుతుండగానే రావణుడు అందుకున్నాడు. చేతుల్లో వాయించే చిరుతల గలగల వినపడక అడుగు తప్పాడు. ఆట నేర్పే యాకయ్య నీళ్ళు నములుతూ చెప్పాడు.

"రాజం బావా, నీకు వినొస్తలేదు. ఈసారి వేషం ఇంకొకలకు ఇస్తం. ఏమనుకోకు."

ఆయన ఇంటికొచ్చి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు, పోగు నేసే నాడె ముట్టలేదు. వేషం పోతే మనిషే పోయేట్టున్నాడని, తెల్లారి రెక్క పట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు శారద చెవుల్లో లైటు వేసి చూసింది. తర్వాత చెవుల సంగతి వదిలేసి, దూప ఎక్కువా, ఒంటికి మాటిమాటికి పోతాడా అని అడగసాగింది. నాకు చిర్రెత్తింది.

"చెవులు చూడమంటే నీళ్ళ ముచ్చట ఏందమ్మా? బిందెడు తాగుతడు. గుంతల ఉడుకపోతది మరి!"

"పెరట్లో చీమలు పడుతున్నాయా?"

"పడయా? పడుగుకు గంజి పెడ్తం. గంజికి మా వాడంత చీమలే."

"ఆయన ఒంటికి పోయే చోట కూడా గంజి పెడతారా?"

పడుగు చాచి గంజి పెట్టేది వీధిలో. చీమలు పట్టేది పెరటి గోడ మూలన. వాటిని తిట్టిపోస్తూ ఏడాదిగా పసుపు చల్లుతున్నాను!

పరీక్ష చేస్తే షుగర్ బాగా ఉంది. అది పైసలున్నోళ్ళ రోగం కదా అంటే డాక్టరమ్మ నవ్వింది.

"మగ్గం చప్పుడు కొంత చెడగొట్టి ఉండొచ్చు. షుగర్ కూడా చెవి లోపలి సన్న నరాలను దెబ్బతీస్తుందమ్మా. పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు. మందులు వాడి, తిండి కట్టడి చేస్తే ఉన్నది నిలుపుకోవచ్చు."

కల్లు బంద్, బెల్లం బంద్. ఆయన గొణుగుతూనే ఒప్పుకున్నాడు. వేషం సంగతి మాత్రం హనుమంతుడే తేల్చాడు. ఆ హనుమంతుడు నా తమ్ముడు సిద్దిరాములే.

"బావ లేకుంటే నేను ఆడ, యాకన్నా. వేరే రావణునికి నా తోక చూపియ్య. నా మాట అయిపోంగనే తోకతోటి వేదిక చెక్క మీద కొడ్త. మగ్గం తొక్కే కాలుకు ఆ అదురు తెల్వదా?"

యాకయ్య నవ్వి సరేనన్నాడు.

ఆట రోజు పొద్దు గుంకకముందే జనం నిండారు. తోక దబ్బున పడగానే రావణుడు గర్జించాడు. మళ్ళీ పడింది, మళ్ళీ గర్జించాడు. ఇక సిద్దిరాములుకు హుషారు ఎక్కి, మాట కాగానే వేదిక మీంచి జనంలోకి దుమికాడు. తోక వాడితోనే పోయింది.

రావణుడు నోరు సగం తెరిచి నిలబడ్డాడు. ఎక్కడో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆడవాళ్ళ వరుసలోంచి లేచి, ఇక నీ మాటే అన్నట్టు చెయ్యెత్తాను.

ఆయన చూశాడు. గర్జించాడు. ముందు వరుసలో పిల్ల ఒకతి బేరుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఆయన తోకను నమ్మితే ఒట్టు! ప్రతి మాటకూ నా వైపే చూపు. నా పక్కనున్న రాములవ్వ కూడా నాతో పాటు చెయ్యెత్తింది. కాసేపటికి వరుస వరుసంతా ఎత్తుతోంది. జనం పడీ పడీ నవ్వుతున్నారు, రావణుడూ మీసాల కింద నవ్వుతున్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో నేను ఎంత అరిచినా ఇటు తిరగని మనిషి, వాడంతా చూస్తుండగా నా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి మాత్రం దించలేదు.