వడియాలు ఎండిన షీటు

బహ్రెయిన్ ఎండను మెచ్చుకునే మనిషి ఎవరైనా ఉన్నారంటే అది వీరలక్ష్మిగారే. అమలాపురం నుంచి కొడుకింటికి వచ్చిన నాలుగో రోజునే, హూరాలో వాళ్ళుండే బిల్డింగు డాబా ఎక్కి, "అబ్బబ్బ, ఏం ఎండే తల్లీ! పొద్దున వడియాలు పెడితే సాయంత్రానికి గలగలమంటాయి" అని మురిసిపోయారు. కోడలు రచన నవ్వేసింది. అప్పటికి ఆ పిల్ల బుర్ర నిండా ప్లాస్టిక్ కవర్లే.

రచన కవర్లు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో క్వాలిటీ చూస్తుంది. రొట్టెల కవరును బాగా తక్కువ ప్లాస్టిక్‌తో, పల్చగా చేయొచ్చని పట్టుబట్టి, నానా తిప్పలూ పడి సాధించింది. పూర్తిగా తనదని చెప్పుకోగల మొదటి పని అది. కవరు బయటికెళ్ళి రెండు నెలలైందో లేదో, ముహర్రక్‌లోని బేకరీ నుంచి ఫిర్యాదు వచ్చిపడింది. పట్టుకుంటే చాలు చిరిగిపోతున్నాయట, పొట్టులా రాలుతున్నాయట. ఆ పొట్టు రొట్టెకు అంటుకుంటే ఎవరు తింటారు?

"పల్చటి కవరు వేడికి ఆగదమ్మా, ఇది బహ్రెయిన్" అన్నాడు మేనేజరు యూసుఫ్. "వేసవి దాటేలోగా అసలు కారణం చూపించు. లేదంటే మళ్ళీ పాత మందం కవరే. ఖలాస్."

రచన భయం కూడా అదే. వేడే కారణమైతే చేయగలిగింది ఏమీ లేదు. ఈ దేశంలో వేడిని ఎవరాపుతారు? కంపెనీలో పరీక్షించే యంత్రమూ లేదు. చివరికి తన పల్చటి షీటు పెద్దదొకటి తెచ్చి, వాచ్‌మన్‌ను బతిమాలి, డాబా మీద ఓ చెక్కబల్లకు బిగించి కట్టింది. మధ్యలో ముట్టుకుంటే పరీక్ష పాడవుతుందని తనకు తానే ఒట్టు పెట్టుకుని, మళ్ళీ పైకి వెళ్ళనేలేదు. ఆ ఒట్టు సంగతి అత్తగారి చెవిన వేయాలని మాత్రం తోచలేదు. ఎంత చదువుకుంటే ఏం లాభం!

దాదాపు రెండు నెలలయ్యాక, రేపు యూసుఫ్‌కు చూపించాలనగా, సాయంత్రం డాబా ఎక్కింది. షీటులో సగం మీద పాత పంచె పరిచి ఉంది. పంచె నిండా సగ్గుబియ్యం వడియాలు, వరసలు వరసలుగా.

"అత్తయ్యా! ఏమిటిది? నా కొంప ముంచేశారు!"

వెనకాలే మెట్లెక్కి వచ్చిన వీరలక్ష్మిగారు బిత్తరపోయారు. "ఏమైందే? శుభ్రంగా ఉంది కదాని దీనిమీద మీ మావయ్యగారి పంచె పరిచాను. ఎండాక వెనక తడిపి ఒలుచుకోవడం, మళ్ళీ అక్కడే పరవడం. నేనొచ్చిన దగ్గర్నించీ ఇదే కదా పని!"

"రెండు నెల్లూనా?"

"మరి? ముట్టుకోకూడదని నాకో ముక్క చెప్పి ఏడవచ్చుగా!"

రచనకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఆ కోపంలోనే పంచె కప్పని వైపు షీటును పట్టి ఒక్క లాగు లాగింది. అది ఎండుటాకులా చిట్లి, వేళ్ళ మధ్య నుంచి పొట్టుగా రాలింది. అయిపోయింది, యూసుఫ్ మాటే నిజం అనుకుంది. ఇక దాచుకునేదేముందని పంచెను వడియాలతో సహా ఎత్తి పక్కన పెట్టి, దాని కిందున్న షీటునూ లాగింది.

చిరగలేదు. మళ్ళీ లాగింది. సాగింది గాని చిరగలేదు!

అరచెయ్యి ఆనించి చూసింది. చురుక్కుమంది. పంచె కింద కూడా అంతే వేడి! రెండు సగాలూ ఒకే బల్ల మీద, ఒకే గాలిలో, ఒకే వేడిలో ఉన్నాయి. పంచె అడ్డుకుంది వెలుతురునొక్కదాన్నే. రచన అక్కడే చతికిలబడి, ఏడుస్తూనే నవ్వింది. కోడలికి మతి పోయిందనుకుని వీరలక్ష్మిగారు చప్పుడు చేయకుండా కిందికి దిగిపోయారు.

మర్నాడు ఆ షీటును యూసుఫ్ చేతిలో పెట్టి, "రెండు వైపులా లాగండి" అంది. ఒక వైపు పొట్టయింది, రెండో వైపు సాగింది. యూసుఫ్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"వేడే అయితే రెండూ పోవాలి కదా సార్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను లోపల్నుంచి తెంపుతున్నాయి. ఆ బేకరీవాళ్ళు కట్టలు ఎక్కడ పెడుతున్నారో కనుక్కోండి."

యూసుఫ్ అక్కడికక్కడే ఫోన్ చేశాడు. కొట్టు బయట, ఎండలోనట.

"వాళ్ళను కట్టలు లోపల పెట్టుకోమందాం. మనం ఎండకు ఆగే మందు కలుపుదాం. మందం పెంచక్కర్లేదు" అంది రచన.

"కొత్త షీటు తియ్యి. దాన్నీ ఇలాగే ఎండలో పెట్టి, సగం కప్పి చూపించు" అన్నాడు యూసుఫ్. షీటును తిరిగి ఆమె చేతికిస్తూ, "నిలబడితే నీ పల్చటి కవరే" అన్నాడు.

రచన ఇంటికి గాల్లో తేలుతూ వచ్చింది. గదిలో అత్తగారు పెట్టె సర్దుకుంటున్నారు, మొహం ఇంత చేసుకుని. ఎంత నొచ్చుకున్నారో చూడగానే తెలిసింది. రచనకు సిగ్గేసింది. పక్కన కూర్చుని, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"నిన్న నోరు పారేసుకున్నాను, క్షమించండి అత్తయ్యా. వీసా పొడిగించమని మీ అబ్బాయికి చెబుతాను. ఇంకో రెండు నెల్లు ఉండండి."

"ఇన్నాళ్ళూ నీ కొంప ముంచింది చాల్లేదూ?"

"చాల్లేదు" అంది రచన, ఆవిడ చెయ్యి వదలకుండా.

వీరలక్ష్మిగారు మూతి ముడుచుకునే ఉన్నారు. కానీ రెండో చేత్తో పెట్టెలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి, మళ్ళీ బీరువాలో పెట్టడం మొదలుపెట్టారు.