కండలో మాస్టారు ఉండడు

జిమ్ము మాస్టారికి చొక్కా అంటే గిట్టదు. పెళ్ళిళ్ళకి తప్పనిసరై వేసుకున్నా, చేతులు పైదాకా మడిచి, ఫొటోలు తీసేవాడు ఎటు తిరిగితే అటు దండచెయ్యి బిగిస్తాడు. అరవై దాటినా ఆ దండ కండలు చూస్తే కుర్రాళ్ళకి కుళ్ళు. కాళ్ళ సంగతి మాత్రం అడక్కూడదు. జన్మలో వాటికి కసరత్తు చేయించిన పాపాన పోలేదు. అందుకే ప్యాంట్లు బస్తాల్లా వదులుగా కుట్టించుకుంటాడు. ఆ గుట్టు ఆయన భార్యకీ, ఆ జిమ్ముకే వచ్చే టైలరుకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఇంతకీ ఆయన చేసే పనేమిటయ్యా అంటే, లెక్కపెట్టడం. "ఒకటీ... రెండూ... తొయ్! ఇంకా తొయ్!" అని అరుస్తుంటే జనం ఆపసోపాలు పడుతూ బరువులెత్తుతారు. ఆ గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. దాని తర్వాత ఆయనకంత ప్రాణం జిమ్ము తాళంచెవి. అసలు చెవీ, దాని నకలూ రెండూ ఒకే రింగుకి తగిలించి నడుముకి వేలాడదీసుకుంటాడు. "పోతే రెండూ కలిసే పోతాయి, బెంగలేదు," అంటుంది భార్య. కూతురు ఫిజియోథెరపీ చదివి అదే జిమ్ములో పనిచేస్తున్నా, రోజూ పొద్దున్నే షట్టరు ముందు నిలబడి నాన్న కోసం ఎదురుచూడవలసిందే.

అలాంటి మనిషి నెత్తిన పిడుగు పడింది. కసరత్తు నేర్పే ప్రతివాళ్ళూ ఇక మీదట నోటి పరీక్ష పాసవ్వాలట. కండ లోపల ఎలా ఉంటుందో, ఎలా ముడుచుకుంటుందో చెప్పాలట. తప్పినవాళ్ళు నేర్పడానికి వీల్లేదు. అంటే మాస్టారు కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, నోరు మూసుకుని తువ్వాళ్ళు మడతపెట్టుకోవాలన్నమాట. కూతురు ఆ పరీక్ష అప్పటికే అవలీలగా గట్టెక్కేసింది.

"నేను చేతిలో పెట్టుకు తిరిగేదాని గురించి నన్నే అడుగుతారా?" అని మాస్టారు భోజనాల బల్ల మీద చరిచాడు. "కండ అంటే రబ్బరు. బిగిస్తే పొట్టిదవుతుంది, వదిలితే సాగుతుంది. అయిపోయింది పరీక్ష!"

"అలా చెబితే నిజంగానే అయిపోతుంది నాన్నా," అంది కూతురు.

ఆమె ఓపిగ్గా మొదలుపెట్టింది. కండని విప్పితే పోగుల కట్టలు. పోగుని విప్పితే ఇంకా సన్న పోగులు. వాటి పొడుగునా వరసగా చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో మధ్యన లావు తీగలు, అటూ ఇటూ సన్న తీగలు. లావువి మయోసిన్, సన్నవి యాక్టిన్. లావు తీగ ఒంటినిండా బుడిపెలు. ఆ బుడిపెలు సన్న తీగని పట్టుకుని లోపలికి లాగి, వదిలి, ఇంకాస్త అవతల పట్టుకుని మళ్ళీ లాగుతాయి.

"ఏ తీగా పొట్టిదవదు. ఒకదాని పక్కనుంచి ఒకటి జరుగుతాయంతే. గది చిన్నదవుతుంది. గదులన్నీ చిన్నవైతే నీ దండ ఉబ్బుతుంది. ఇంకోటి, కండకి లాగడమే వచ్చు. తొయ్యడం రాదు. చెయ్యి చాపాలన్నా వెనకున్న కండ లాగాల్సిందే."

మాస్టారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "మరి ఇన్నేళ్ళూ నేను తొయ్యి తొయ్యి అంటుంటే వీళ్ళు చేసిందేంటి?"

"వాళ్ళు బరువుని తోశారు. కండ మాత్రం లాగింది."

"పాపం, దానికి కూడా మీ మాట వినబుద్ధి కాలేదు," అంది భార్య కూర వడ్డిస్తూ.

ఎంత వల్లెవేసినా ఆ పేర్లు ఆయన బుర్రలో నిలవలేదు. పొద్దున మయోసిన్ లావుదైతే మధ్యాహ్నానికి సన్నబడిపోయేది. చివరికి ఆయనకో ఉపాయం తట్టింది. జిమ్ములో ఓ ఏటవాలు చెక్క ఉంది. దాని మీద ఇనపబండి పెట్టి, బరువులు వేసి, మోకు కట్టి పైకి లాగడం అక్కడి కసరత్తుల్లో ఒకటి. టైలరునీ, కసరత్తుకొచ్చే బస్సు డ్రైవరునీ, పళ్ళ డాక్టరమ్మనీ, ఇంకో ఇద్దర్నీ మోకు వెంబడి నిలబెట్టాడు. మోకు సన్న తీగ, వీళ్ళంతా బుడిపెలు.

"నేను చెప్పినట్టు చెయ్యండి. ఒకటీ, పట్టు! రెండూ, లాగు! మూడూ, వదులు!"

అందరూ పట్టారు, లాగారు. బండి ఇంత పైకెక్కింది. అందరూ వదిలారు. బండి గడగడా కిందికొచ్చి మంచినీళ్ళ డ్రమ్ముని గుద్దింది. డ్రమ్ము పడింది, గదంతా నీళ్ళు.

"లాగడం చాలలేదు. గట్టిగా!" అని ఇంకా పెద్ద గొంతుతో లెక్కపెట్టాడు. ఈసారి బండి మరింత పైనుంచి మరింత జోరుగా వచ్చింది. టైలరు ఎగిరి గంతేశాడు కాబట్టి కాలి వేళ్ళు దక్కాయి.

కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "వీళ్ళ లోపం కాదు నాన్నా. నువ్వు లెక్క ఆపు."

"లెక్క లేకపోతే ఎలా లాగుతారే?"

"కండలో మాస్టారు ఉండడు. నరం నుంచి కబురొస్తుంది, కాల్షియం వచ్చి బుడిపెలకి దారి తెరుస్తుంది, ఆ తర్వాత ఎవరి పని వాళ్ళది. ఒకళ్ళు వదిలినప్పుడు పక్కవాళ్ళు పట్టుకునే ఉంటారు. అందరూ ఒకేసారి వదిలేస్తే ఇదిగో, స్నానాలే."

మాస్టారు నోరు మూసుకున్నాడు. బుడిపెలు ఎవరి తీరున వాళ్ళు పట్టారు, లాగారు, వదిలారు. బండి మారాం చేయకుండా చెక్క చివరిదాకా ఎక్కి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకి మాత్రం ఏడుపొచ్చింది. వెళ్ళి కౌంటరు వెనక స్టూలు మీద కూలబడి, ఓ తువ్వాలు తీసుకుని మడతపెట్టాడు. అదీ వంకరగానే వచ్చింది.

కూతురు వచ్చి పక్కన నిలబడింది.

"నన్ను ఇక్కడ కూర్చోబెట్టాలనేగా నీ తాపత్రయం?" అన్నాడు.

"అదే అయితే నీకెందుకు చెబుతాను? రబ్బరని చెప్పి తప్పనిచ్చేదాన్ని." ఆమె తువ్వాలు లాక్కుని సరిగ్గా మడిచింది. "ఇంకొక్కటి మిగిలింది, విను. బుడిపె పట్టు వదలాలంటే ఏటీపీ అని, కండకి ఇంధనం లాంటిది ఒకటి వచ్చి అందాలి. దాని బలంతోనే మళ్ళీ లాగడానికి సిద్ధమవుతుంది. అది అందకపోతే పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోతుంది. చచ్చినవాళ్ళు కొయ్యబారేది అందుకే."

"అంటే నేను చచ్చానంటావా?"

"చదువుకోమంటున్నా నాన్నా."

పరీక్ష రోజున మాస్టారు చొక్కా వేసుకుని, మెడ బొత్తాం కూడా పెట్టుకుని వెళ్ళాడు. బల్ల అవతల కూర్చున్నాయన చీపురుపుల్లలా ఉన్నాడు. 'ఊదితే ఎగిరిపోయేవాడు నాకు కండల గురించి చెబుతాడా' అనుకుంటూనే కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు.

"కండ ముడుచుకున్నప్పుడు ఏ తీగ పొట్టిదవుతుంది?"

రబ్బరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "ఏదీ కాదండీ. జరుగుతాయి." ఇక కూర్చుని చెప్పడం ఆయనవల్ల కాలేదు. లేచి గాల్లో మోకు పట్టుకున్నాడు. "టైలరు వదిలినప్పుడు బస్సు డ్రైవరు పట్టుకునే ఉంటాడండీ. వాడు వదిలేసరికి డాక్టరమ్మ అందుకుంటుంది."

"టైలరెవరు?"

"మయోసిన్ బుడిపె అండీ. మోకేమో యాక్టిన్."

పుల్లాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చచ్చాక ఒళ్ళు బిగుసుకుపోతుందెందుకు?"

"వదలడానికి ఏటీపీ ఉండదండీ. పాపం, వదలాలనే ఉంటుందేమో," అన్నాడు మాస్టారు. ఆ రెండో ముక్క పుస్తకంలో లేదు. అయినా పుల్లాయన తప్పు పట్టలేదు.

పాసయ్యాడు. ఆ కబురు ఆయన నోటివెంట కాక ఇంకెలా తెలుస్తుంది, మలుపులోనే అరిచాడు. జిమ్ములో చొక్కా విప్పి విసిరేసి, డ్రమ్ము పక్కన నిలబడి అందరిచేతా అభినందనలు చెప్పించుకున్నాడు. అంతా సర్దుమణిగాక నడుముకున్న రింగు ఊడదీసి కూతురి దగ్గరికి వచ్చాడు.

"రేపట్నుంచి పొద్దుటి బ్యాచ్ నీది. తాళం నువ్వే తియ్యి."

"పాసయ్యావుగా నాన్నా, ఇప్పుడెందుకు?"

"పాసయ్యాను కాబట్టే ఇస్తున్నా. తప్పి ఉంటే చచ్చినా వదిలేవాణ్ణి కాదు." రింగుని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "సాయంత్రం బ్యాచ్ మాత్రం నాదే. ఇద్దరం ఒకేసారి వదిలేస్తే డ్రమ్ము పడుతుంది."

రెండు చెవుల్లో ఒకటి తీయాలి. ఆ రింగు బిగుసుకుపోయి ఉంది. ఆయన బొటనవేళ్ళేమో గుమ్మడిపండ్లు. గోరు దూరదు, చెవి కదలదు. మొహం ఎర్రబడింది, దండలు ఉబ్బాయి, చెమటలు పట్టాయి. ఎంత బరువెత్తినా అంత అవస్థ పడ్డవాడు కాదు.

"ఇటివ్వు, నేను తీస్తా."

"ఉండవే! నేనే తీసిస్తా."

కూతురు అరచెయ్యి చాపి నిలబడింది. లెక్కపెట్టలేదు.