కాళ్ల దగ్గర మడత

ఇరవై ఆరేళ్లుగా నా పని పసిబిడ్డలకు చలి తగలకుండా చూడటం. పుట్టగానే తుడిచి, టోపీ పెట్టి, గుడ్డ చుట్టి, మిగిలిన కొసను ఒక మెలిక తిప్పి కాళ్ల కిందికి దోపుతాను. ఆ మెలిక నా సొంతం. బిడ్డ ఎంత తన్నినా ఊడదు. వార్డులో కొత్తగా చేరిన నర్సులకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది గాని ఒక్కరికీ పట్టుబడలేదు.

ఈ బిడ్డ దగ్గర మాత్రం నా విద్య అంతా తలకిందులైంది. కాన్పులో బొడ్డుతాడు నొక్కుకుపోయి వాడి మెదడుకు ఆక్సిజన్ అందలేదు. పన్నెండు నిమిషాలు తంటాలు పడితే ఊపిరి తీశాడు. అలాంటి బిడ్డను ఆరు గంటల లోపు చల్లబరచడం మొదలుపెట్టి, మూడు రోజుల పాటు ముప్పై మూడున్నర డిగ్రీల దగ్గర ఉంచితే మెదడు దెబ్బ ముదరకుండా కొంత ఆపవచ్చు. కొంతే. చల్లబరిచే యంత్రం మరమ్మతుకు పోయింది. చల్లటి జెల్ సంచులు మారుస్తూ, పావుగంటకోసారి వేడి చూసి రాసుకుంటూ చేతులతోనే నెట్టుకొస్తున్నాం. ఇద్దరు నర్సులు సెలవు పెట్టడంతో నాకు డ్యూటీ మీద డ్యూటీ పడింది. నిలబడే కునుకు తీసే స్థితికి వచ్చాను.

తల్లి కుట్లతో పై అంతస్తులో ఉంది. ఆమె బదులు బిడ్డ పక్కన అమ్మమ్మ కూర్చునేది. బట్టలు కుట్టి బతికే మనిషి.

“చల్లగా ఉండమని అందరినీ దీవిస్తాం గానీ, మరీ ఇంత చల్లగానా సిస్టరమ్మా?” అంది మొదటి రోజు. ఆ రెండు రోజుల్లో నేను నవ్వింది ఆ ఒక్కసారే. తర్వాత గంటకోసారి అడిగేది, కనీసం కాళ్లకైనా ఏదైనా వెయ్యొచ్చా అని. వద్దంటే వద్దని గంటకోసారి చెప్పేదాన్ని.

రెండో రోజు మధ్యాహ్నం నెలలు నిండని కవలలు వచ్చిపడ్డారు. ఒకరు ఊపిరి తీసేలోగా ఇంకొకరు నీలమెక్కారు. రెండుసార్లు ఈ బిడ్డ వేడి చూడటం తప్పిపోయింది. తిరిగి వచ్చి చూద్దును కదా, ముప్పై నాలుగు దాటి ముప్పై అయిదుకు దగ్గర పడింది. వాడి మీద ఛాతీ దాకా గుడ్డ. పక్కనే కుర్చీలో అమ్మమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. “చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా పెద్దమ్మా. మీ ముద్దు వాడి మెదడు మీదికొస్తుందని తెలీదా?”

వార్డంతా తిరిగి చూసింది. ఆమె నోరు తెరిచింది. గుడ్డ వైపు చూసింది, నా వైపు చూసింది, నోరు మూసుకుంది. డాక్టరు వచ్చి, ఇక ఆమెను లోపలికి రానివ్వద్దన్నాడు. ఆమె చెప్పులు వెతుక్కుంటూ ఉండగా నేను గుడ్డ లాగాను. రాలేదు. కాళ్ల దగ్గర మెలిక ఉంది. నేను చూడకుండానే నా వేళ్లు దాన్ని విప్పేశాయి.

అప్పుడు గుర్తొచ్చింది. కవలల కోసం నన్ను పిలిచినప్పుడు నేను వీడి దగ్గరే ఉన్నాను. సంచి మారుస్తుంటే చల్లటి కాలు చేతికి తగిలింది. బుద్ధి కవలల దగ్గరికి పోయింది, చెయ్యి మాత్రం ఇరవై ఆరేళ్ల అలవాటు ప్రకారం తన పని తాను చేసుకుపోయింది. ఆ మాట అక్కడే చెప్పాల్సింది. తల వంచుకుని జెల్ సంచి మార్చాను. ఆమె వెళ్లిపోయింది.

సాయంత్రానికి గాని ధైర్యం రాలేదు. డాక్టరుకు చెప్పాను. ఆయన కేసు షీటులో ఏదో కొట్టేసి, ఏదో రాసి, “పెద్దావిడను మళ్లీ లోపలికి రానివ్వండి. సంగతి ఆమెకు మీరే చెప్పండి” అన్నాడు. ఆమె వరండా బల్ల మీద కూర్చుని ఎవరిదో చొక్కాకు గుండీ కుడుతోంది.

“ఆ గుడ్డ కప్పింది నేనే పెద్దమ్మా.”

“తెలుసు. నలభై ఏళ్లు గుడ్డతోనే బతికాను. ఎవరి చేతి మడతో చూస్తే తెలీదా?”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“మిమ్మల్ని కూడా బయటికి పంపిస్తే వాణ్ని చూసేదెవరు?” దారం కొరికి తెంపింది. “దానివల్ల వాడికేమైనా అయ్యుంటుందా?”

“తెలీదు పెద్దమ్మా. ఎప్పటికీ తెలీదు.”

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె సూదిలోకి మళ్లీ దారం ఎక్కించుకుంది.

మూడు రోజులూ గడిచాక, గంటకు అర డిగ్రీ మించకుండా వాణ్ని వేడెక్కించాం. ముప్పై ఆరున్నరకు వచ్చిన పొద్దున తల్లిని చక్రాల కుర్చీలో దించారు. బిడ్డను మొదటిసారి ఆమె ఒళ్లో పెట్టాను. అమ్మమ్మ తను కుట్టిన మెత్తటి గుడ్డను సంచిలోంచి తీసింది. ఆమే కప్పుతుందని పక్కకు జరిగాను. ఆమె దాన్ని నా చేతికిచ్చింది.

“మీరే కప్పండి. తన్నినా ఊడకూడదు.”

పుట్టినప్పటి నుంచి వాడు ఒక్కసారి కూడా కాలు ఆడించలేదని మా ముగ్గురికీ తెలుసు. మెలిక తిప్పి, తన్నే బిడ్డకు దోపినట్టే గట్టిగా దోపాను.