ఒక్క గుక్క కషాయం

మామగారి మీద ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆ ఇంట్లో ఎవరినీ స్థిమితంగా జబ్బు పడనివ్వరు. తుమ్ము సగంలో ఉండగానే పొయ్యి మీద ఏదో ఒక ఆకు ఉడుకుతూ ఉంటుంది. కాచడం ఆయన వంతు, మాడిన గిన్నె తోమడం ఆమె వంతు. వైద్యంలో తనకూ ఆ మాత్రం వాటా ఇచ్చారు కదా అని సరిపెట్టుకునేది.

ఈసారి దగ్గు ఆమెకే వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలితనం ఒప్పుకున్నట్టేనని ఆయన నమ్మకం. అందుకే జోడు జేబులోనే ఉంచుకుని, పెరటి గోడ పక్క నుంచి గుప్పెడు ఆకులు కోసుకొచ్చి, దగ్గుకు వాడే అడ్డసరం ఆకు అంటూ కాచేశారు. పొయ్యి గట్టు మీద మిగిలిన ఆకును ఆమె నలిపి చూసింది. వెడల్పాటి ఆకు, వంకర అంచు, కంపు వాసన. కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన మనిషి.

"మామయ్యా, ఇది ఉమ్మెత్త. విషం" అంది.

ఆయన ముఖం ముడుచుకుంది. నువ్వు పుట్టకముందు నుంచి ఆకులు కోస్తున్నానన్నారు. భర్త పేపర్లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు.

"ఒక్క గుక్కే కదా. పెద్దాయన మనసు కష్టపెట్టకు."

పెళ్ళయినప్పటి నుంచి ఆమె మింగినవన్నీ ఒక్కొక్క గుక్కే. ఉద్యోగం ఎందుకన్న మాట ఒక గుక్క, చదువుకున్న పొగరన్న మాట ఇంకో గుక్క. వాటితో చావలేదు, దీనితో మాత్రం చస్తానా అనుకుంది కాబోలు, తాగేసింది.

కాసేపటికి నోరు పిడచకట్టుకుపోయింది. గుండె దడదడలాడింది. భర్త ఇద్దరుగా కనిపించాడు. ఒక్కడికి వండి పెట్టడమే గగనమైతే ఇంకొకడా దేవుడా అని గొణుగుతూ కూలబడిపోయింది.

ఆసుపత్రిలో తెలివి వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఇక ప్రాణానికి భయం లేదంది డాక్టరమ్మ. అసలెలా జరిగిందని అడిగితే భర్త గబగబా అందుకున్నాడు, చూసుకోకుండా పొరపాటున తాగేసిందండీ అని.

మళ్ళీ అదే గుక్క, పెదవుల దాకా వచ్చింది. ఈసారి ఆమె మింగలేదు.

"పొరపాటు కాదండీ. ఉమ్మెత్త అని చెప్పాను. అయినా తాగమన్నారు. వద్దనడం చేతకాక తాగాను. ఇక నుంచి చేతనవుతుంది."

భర్త చూపు నేల మీదికి జారింది. గోడ పక్క బల్ల మీద కూర్చున్న మామగారు మెల్లగా లేచారు. జేబులోంచి జోడు తీసి పెట్టుకుని, కోడలి ముఖంలోకి చాలాసేపు చూశారు.

"అమ్మాయి ముందే చెప్పింది డాక్టరుగారూ" అన్నారు. "నేనే వినలేదు. తప్పు నాది."