మేనత్త ముద్ద ముట్టేదాకా

రోజూ పొద్దున ఏడింటికల్లా సెలు అత్త కుర్చీ వరండాలోకి వచ్చేది. మేనల్లుడు కెపు దాన్ని మోసుకొచ్చి వేసేవాడు. వాడి పెళ్ళాం లోసె ఆ వెనకే టీ, వెన్న దట్టంగా రాసిన రొట్టె, రాత్రి మిగిలిన సిపి మాంసం పళ్ళెంలో పెట్టుకొచ్చేది. అత్త కూర్చునేది. ఇక మధ్యాహ్నం దాకా ఆవిడ చెయ్యాల్సిన పనల్లా అలా కూర్చోవడమే. ఎప్పుడన్నా చీపురు అందుకోబోతే లోసె లాక్కునేది.

"ఎవరన్నా చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు. కూర్చోండత్తా" అనేది.

మా టోంగా దీవుల్లో మేనత్త అంటే అంత. పెళ్ళయినా చావయినా మొదటి చాప ఆవిడది, మొదటి పళ్ళెం ఆవిడది, ఆ పళ్ళెంలో అన్నిటికన్నా కొవ్వు పట్టిన ముక్క ఆవిడది. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఇంకెవరూ పెట్టుకోకూడదు. ఒంటిమీది చొక్కా అడిగినా మేనల్లుడు విప్పి ఇవ్వాల్సిందే, ఎందుకని అడక్కూడదు. మా తాతల కాలంలో ఆ కొవ్వు ముక్క ఏడాదికి రెండు మూడుసార్లు, పందిని కోసినప్పుడు వచ్చేది. ఇప్పుడు రోజూ వస్తోంది. పైదేశం నుంచి ఓడలో, అట్టపెట్టెల్లో, గడ్డకట్టి వస్తోంది. సిపి అంటే గొర్రె డొక్క కిందుండే కొవ్వు పట్టీలు. పంపేవాళ్ళ ఇళ్ళల్లో అది పళ్ళెంలోకి రాదు. వాళ్ళకి చెత్త అయింది మాకు మేనత్తకి చేసే మర్యాద అయి కూర్చుంది. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇంకా మండేదేమిటంటే, దాన్ని ఎగబడి కొన్నది మేమే.

సెలు అత్త అక్క ఆనె కిందటేడు పోయింది. చర్చిలో పాట మధ్యలో కూలిపోయింది. యాభై ఆరేళ్ళకే రక్తపోటు తలకెక్కింది. ఆవిడ చావు విందుకి నలభై పెట్టెల సిపి తెచ్చారు. అక్కని తిన్నదాన్నే చెల్లెలికి మొదటి పళ్ళెంలో పెట్టారు, అదీ ఎంతో ప్రేమగా.

జూలైలో నర్సు తౌఫా ఇంటికొచ్చి అత్త చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టింది. పట్టీ చాల్లేదు. పెద్దది తెచ్చి మళ్ళీ చూసింది. పైన రెండొందల పది, కింద నూట ఇరవై.

"మీ అక్క దారే పట్టావు. ఇలాగే ఉంటే క్రిస్మస్ చూడవు" అంది.

మాత్రలిచ్చింది. గోడకి ఓ బొమ్మ కూడా అంటించింది, పై ఆఫీసు నుంచి పంపారట. అందులో ఓ సన్నటి తెల్లపిల్ల బూట్లు వేసుకుని పరిగెడుతోంది, పక్కన ఏదో పచ్చటి పువ్వుకూర. ఆ కూర మా దీవిలో ఒక్క దుకాణంలోనే దొరుకుతుంది, అదీ ఓ పువ్వు కొంటే వారం కూలి పోతుంది. ఆ బొమ్మ గీసినవాణ్ణి తీసుకొచ్చి ఆ దుకాణం ముందు ఒక్కపూట నిలబెట్టాలని నాకు కోరిక.

"నేను అలా పరిగెడితే ఊరంతా ఉప్పెన వచ్చిందని కొండెక్కుతారు" అంది అత్త.

"పరిగెత్తక్కర్లేదు, నడువు. ఉప్పూ కొవ్వూ మానెయ్యి."

"నడిస్తే లోసెని తిడతారు. ముక్క వద్దంటే కెపుకి తలవంపులు. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?"

తౌఫా కూడా ఎవరికో మేనత్తే. ఆవిడ సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పెండలం తోట కదిలింది.

ఆ తోట అత్త తమ్ముడిది, అంటే కెపు నాన్నది. ఆయన పోయాక కెపు పేరున ఉంది. ఊరి చివర, ఇంటికి నాలుగడుగుల్లో ఉండేది. కెపు ఆ నాలుగడుగులూ కూడా వ్యానులోనే వెళ్ళేవాడు. ఆ రోజు ఉత్తచేతుల్తో తిరిగొచ్చాడు.

"తోట జరిగింది" అన్నాడు.

"ఎంత దూరం?" అని అడిగింది లోసె, టీ కలుపుతూ.

"చర్చివాళ్ళ కొబ్బరిచెట్లు దాటింది. వ్యాను దగ్గరికి వెళ్తే ఇంకా వెనక్కి పోతోంది."

"దిగి నడవకపోయావా?"

"ఎవడు నడుస్తాడు ఆ ఎండలో."

ఊరి పెద్ద వచ్చి చూసి, గడ్డం గోక్కుని, తమ్ముడి భూమి కాబట్టి అక్క మాటే వింటుంది, ఆవిడ వెళ్ళి చెప్పాలి అని తేల్చాడు. ఆజ్ఞ ఇవ్వడం పని చెయ్యడం కిందికి రాదు కాబట్టి మర్యాదకి లోటు లేదన్నాడు. లోసె కూడా ఒప్పుకుంది. వ్యాను చూస్తే తోట పారిపోతుంది కాబట్టి అత్త నడిచే వెళ్ళాలి.

మొదటి రోజు మూడుచోట్ల కూలబడింది. చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

"సిగ్గు లేదూ నీకు? మా తమ్ముడున్నప్పుడు ఇలాంటి వేషాలు వేశావా?" అని తోటని తిట్టింది.

తోట కిక్కురుమనకుండా నిలబడింది. అత్త లోపలికి వెళ్ళింది. ఆకలి దంచేస్తోంది. వడ్డించేవాళ్ళు లేరు, చూసేవాళ్ళూ లేరు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి తన చేత్తో మట్టి తవ్వి పెండలం తీసింది. కొబ్బరిడొక్కల మంట మీద కాల్చుకుని, చేమాకు ఉడకేసుకుని తిన్నది. మర్నాటికి తోట ఇంకాస్త జరిగింది. అత్త ఇంకాస్త నడిచింది, ఇంకాస్త తిట్టింది. సెప్టెంబరుకల్లా అది సముద్రం ఒడ్డున రాళ్ళదాకా పోయింది. మా ఆనవాయితీ ప్రకారం అత్త నడుముకి కట్టుకునే చాప ఇప్పుడు ఇంకో చుట్టు తిరుగుతోంది. పొద్దుటి సిపి పళ్ళెం ఆకలి లేదని పక్కన పెట్టేసేది.

ఊరు ఊరుకుంటుందా? లోసె అత్తని మాడ్చేస్తోందన్నారు. కెపు మేనత్తని కూలికి తోలుతున్నాడన్నారు. ఆవిడ మంచం మీద పడి నోరు వంకరపోయుంటే ఒక్కడూ ఏమీ అనేవాడు కాదు, వంతులేసుకుని చూసొచ్చేవాళ్ళు. కాళ్ళ మీద నడుస్తుంటే మాత్రం పరువు పోయిందట. థూ.

అక్టోబరులో చర్చివాళ్ళ కొత్త హాలు తెరిచారు. విందు ఆ ఏడు కెపు కుటుంబం వంతు. ఊరంతా నోరు మూసుకునేలా పెట్టాలని కెపు అరవై పెట్టెలు దింపాడు. మూడొందలమంది నల్లబట్టలు వేసుకుని, నడుముకి చాపలు కట్టుకుని కూర్చున్నారు. కెపు చెమటలు కక్కుతూ, మొహమంతా నవ్వుతో మొదటి పళ్ళెం తనే మోసుకొచ్చి అత్త ముందు పెట్టాడు. కొవ్వు నూనెలో తేలుతోంది.

వాడి కోసం ఒక్క ముక్క కొరుకుదామనే అత్త కూడా అనుకుంది. చెయ్యి కూడా పెట్టింది. కిందటేడు ఇలాంటి పళ్ళెమే అక్క శవం పక్కన కూర్చుని తిన్న సంగతి గుర్తొచ్చింది. చెయ్యి తీసేసి తుడుచుకుంది.

"నేను తినను" అంది.

ఆవిడ తినకపోతే ఎవరూ తినడానికి లేదు. పాస్టరుగారు లేచి వచ్చారు.

"ఒక్క ముక్క నోట్లో వేసుకో తల్లీ, పిల్లలు ఆకలితో ఉన్నారు."

"అందుకే వేసుకోను. నేను వేసుకుంటే వాళ్ళూ వేసుకుంటారు."

"అత్తా, నా పరువు తీస్తున్నావు" అన్నాడు కెపు, గొంతు తగ్గించి.

"నీ పరువు కోసమే మా అక్క పోయింది. నేనూ పోతే మొదటి పళ్ళెం ఎవరికి పెడతావురా? ఈ పెట్టెలు పంపినవాడు వాడి మేనత్తకి ఇది పెడతాడా? వాడు పారేసింది నువ్వు కొనుక్కొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నాకు వడ్డిస్తున్నావు. తీసెయ్. నేను అడుగుతున్నాను."

ఆవిడ అడిగాక ఇక మాటేముంది. పళ్ళేలన్నీ వెనక్కి పోయాయి. ఎవరో అడిగారు, మరి ఏం తినాలి అని. అత్త చేతికర్ర తీసుకుని లేచింది.

"తోట ఉంది. ఆకలున్నవాళ్ళు నా వెనక రండి."

గొణిగారు, తిట్టుకున్నారు, కానీ వెళ్ళారు. కడుపు కాలుతుంటే వెళ్ళక ఏం చేస్తారు? పిల్లలు ముందు పరిగెత్తారు, పాస్టరుగారు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. కెపు మాత్రం మొహం మాడ్చుకుని వ్యాను తీశాడు. దూరాన కనిపిస్తున్న పెండలం తీగలు వెంటనే వెనక్కి పోవడం మొదలెట్టాయి. మూడొందలమంది ఒక్కసారి వెనక్కి తిరిగి, దిగరా అని అరిచారు. వాడు వ్యాను అక్కడే వదిలేసి దిగి నడిచాడు. రెండో మలుపు దగ్గర ఓ రాయి మీద చతికిలబడ్డాడు. పెదాలు పాలిపోయాయి, మాట రావడం లేదు.

గుంపుతో పాటు నడుస్తున్న తౌఫా సంచీలోంచి పెద్ద పట్టీ తీసింది. అది కూడా వాడి చేతికి చాల్లేదు. ముంజేతికి చుట్టి చూసింది, మళ్ళీ చూసింది. పైకి చెప్పకుండా అత్త చెవిలో చెప్పింది. జూలైలో అత్తకి వచ్చిన అంకె కంటే ఎక్కువ. వాడికి ముప్పై నాలుగేళ్ళు. ఇంతవరకు వాడి చెయ్యి పట్టుకుని ఎవరూ చూడలేదు, కూర్చోబెట్టి తినిపించేది అత్తకి కాబట్టి జబ్బు కూడా అత్తదే అనుకున్నారు.

అత్త తోట వంక చూసింది. ఆ తోట కెపుది. ఇన్నాళ్ళూ అది తన కోసం జరుగుతోందనుకుంది.

"వ్యాను తాళాలియ్యి" అంది.

వాడు ఇచ్చాడు. ఆవిడ వాటిని రొంటిన దోపుకుంది.

"ఇక లే."

"నా వల్ల కాదత్తా. నువ్వు వెళ్ళు."

"నీ కాళ్ళు నాకు కావాలి. అడుగుతున్నాను, ఇస్తావా ఇవ్వవా?"

మా దేశంలో మేనత్త అడిగితే లేదనే హక్కు ఎవరికీ లేదు. కెపు ఆవిడ భుజం పట్టుకుని లేచి, ఒక అడుగు వేశాడు. అవతల రాళ్ళ దగ్గర ఉన్న తోట పది అడుగులు ఇటు జరిగింది.