రింగు కింద కుట్టు

మొగుడి సంచీ అడుగున చిన్నదొకటి పెద్దదొకటి రెండు తాడు స్లింగులు చుట్టి పెట్టింది పేరంటాలు. వాటిమీద లుంగీలు, తువ్వాలు. ఎండు నెత్తళ్ల చేపల పొట్లం లుంగీల మధ్య దూర్చి, బట్టలకు వాసన పడితే తెనాలిలో నలుగురూ నవ్వుతారని మళ్లీ తీసి పైన పెట్టింది. తాడు పేటలు విడదీసే చెక్క మేకు, దబ్బనం, మైనం పట్టించిన దారం ఒక పక్కగా సర్దింది. అంతా అయ్యాక ఏదో మర్చిపోయానని సంచీ మొత్తం బయటికి తీసి, మళ్లీ మొదటినుంచీ పెట్టింది.

బాపట్లకు దిగువన సముద్రం ఒడ్డు వాడ వాళ్లది. ఆమె తండ్రిని సముద్రమే తీసుకుంది, అన్ననూ అదే తీసుకుంది. ఇద్దరిలో ఒక్కరి శవమూ దొరకలేదు. అందుకే మొగుడు రాఘవులు సముద్రం మానేసి చెట్లు కొట్టే పనికి పోతానన్నప్పుడు ఆమె లోపలికెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది.

ఆ పని ఇచ్చింది తెనాలి చాంద్ బాషా. ఇళ్లమీదికి వాలిన పెద్ద చెట్లను ముక్కముక్కగా కోసి, తాళ్లతో దించే ముఠా అతనిది. ఇనప కప్పీలు ఇరుసు పట్టేసి మొరాయిస్తున్నాయని, లేతు మిషను దగ్గర అల్యూమినియం రింగులు కోయించాడు. చక్రం లేదు, ఇరుసు లేదు, లోపలంతా అద్దంలా నునుపు. తాడు దాని కడుపులోంచి జారిపోతుంది. ఆ రింగును చెట్టు పంగకు కట్టే పొట్టి తాడే స్లింగు; రింగు చుట్టూ ఉన్న గాడిలో కూర్చునేలా దాని చివర ఒక కన్ను, ఉచ్చులాంటి మెలిక, కావాలి. ముడి వేస్తే తాడు బలం చచ్చిపోతుంది. ముడి లేకుండా తాడు చివరను దాని పేటల్లోకే దూర్చి కన్ను చేయడం సముద్రం మనుషులకే బాగా తెలుసు. భార్యాభర్తలిద్దరూ వసారాలో కూర్చుని చేశారు వాటిని.

"ఏమయ్యా, రింగు ఊడకుండా కింద గట్టిగా కుట్టెయ్యమని బాషా మరీ మరీ చెప్పాడుగా. పురికొసతో కట్టి ఊరుకున్నావేంటి?"

"కుట్టేస్తే రింగు ఎట్టా ఊడొస్తదే? సాయంత్రం తీసి కడగొద్దా? ఉప్పూ ఇసకా చేరితే తాడుని కోసేస్తయ్."

"చెట్టుమీద ఉప్పెక్కడిదయ్యా?"

"దుమ్ముండదా? తాడు సంగతి నాకు చెప్పొచ్చావు మహా!"

వాడలో అందరి అలవాటూ అదే. తాడుకు తగిలే లోహం ఏదైనా పొద్దుగూకేసరికి ఊడదీసి మంచినీళ్లతో కడగాల్సిందే. వాళ్ల తాతలు కడిగారు, రాఘవులూ కడుగుతాడు. పేరంటాలు దబ్బనం పక్కన పెట్టేసింది. మొగుడు సముద్రం మీదికి పోవడంలేదు, ఆమెకు అంతే చాలు. బాపట్ల స్టేషనులో మొగుడెక్కిన రైలు కదిలాక కూడా, ఇంకా ఏం మర్చిపోయానా అని చేతులు నలుపుకుంటూ నిలబడింది.

నెల దాటాక రాఘవులు కబురు చేశాడు, రేపల్లెలో పని, నెత్తళ్లు తీసుకుని రమ్మని. పేరంటాలు కర్లపాలెం మీదుగా బస్సులో వెళ్లింది. అక్కడ కొడుతున్నది హైమావతి అనే ఆవిడ పెంకుటింటి మీదికి వాలిన ఒక మహా నిద్రగన్నేరు చెట్టు. పైన చాంద్ బాషా తమ్ముడు వాసిం రంపంతో ఉన్నాడు. కింద రాఘవులు తాడును మొదలు చుట్టూ మెలివేసి పట్టుకుని ఉన్నాడు. చాంద్ బాషా లారీ కోసం తెనాలి వెళ్లాడు.

"అక్కా, మళ్లీ నెత్తళ్లేనా?" పైనుంచి అరిచాడు వాసిం. "మొన్న ఆ వాసనకి మా ఫర్హానా నన్ను గడప బయటే పడుకోబెట్టింది."

"పెళ్లై ఏడాది కాలేదు, అప్పుడే గడప బయటా? నీలోనే ఏదో లోపముంది తమ్ముడూ!"

వాసిం పగలబడి నవ్వాడు. కోసిన కొమ్మ, దానికి కట్టిన తాడు రింగులోంచి జారుతుండగా, నూతిలోకి చేద దిగినట్టు చప్పుడు లేకుండా దిగింది. పేరంటాలుకు ముచ్చటేసింది. కొమ్మ నేలకు ఆని తాడు వదులైంది. అప్పుడు చూసిందామె. బరువు లేని రింగు స్లింగు కంట్లో అడ్డంగా తిరిగి వేలాడుతోంది. మళ్లీ బరువు పడగానే సర్దుకుంది. తర్వాతి కొమ్మకూ అంతే. పడవమీద తాడు ఎప్పుడూ బిగిసే ఉంటుంది. ఇక్కడ కొమ్మకూ కొమ్మకూ మధ్య వదులవుతోంది. అడ్డం తిరిగిన రింగును పట్టి ఉంచేది ఆ పురికొస ఒక్కటే.

అన్నాలకు దిగినప్పుడు వాసిం చిన్న స్లింగు భుజాన వేసుకొచ్చాడు. ఆమె అన్నం ముట్టకుండా మొగుడి సంచీలోంచి దబ్బనం తీసి, రింగు కింద కన్ను మూసుకుపోయేలా కుట్టేసింది.

"ఆ పైదాన్ని కూడా దించు తమ్ముడూ."

వాసిం రాఘవులు వైపు చూశాడు. చిన్న స్లింగు ఆ పెద్ద పంగకు చాలదు. పైన ఉన్న పెద్ద స్లింగును దించితే తాడంతా మళ్లీ ఎక్కించాలి. మబ్బు పట్టేసింది.

"వానొచ్చేస్తోంది బాబూ," గుమ్మంలోంచి హైమావతి అంది. "ఆ కొమ్మ నా వంటింటి మీదుంది. కాస్త తొందరగా కానివ్వండి."

"అట్టాగేనండి," అన్న రాఘవులు పెళ్లాం వైపు తిరిగాడు. "ఈ ఒక్క కొమ్మ దించి తీసేస్తానే. ఇన్నాళ్లూ ఊడనిది ఇయ్యాలే ఊడుద్దా?"

"నా మాట వినవయ్యా, నీకు దణ్ణం పెడతా!"

"నీ పిరికితనంతో చంపుతున్నావే! సముద్రంలో ఉన్నా ఇదే గోల, గట్టుకొచ్చినా ఇదే గోల."

"ఏం కాదులే అక్కా," అంటూ వాసిం నడుముకు బెల్టు బిగించుకుని ఎక్కిపోయాడు.

రంపం ఆగింది. కొమ్మ తెగేముందు గాలికి కొద్దిగా పైకి లేచింది. తాడు వదులైంది. రింగు అడ్డం తిరిగి, పురికొసను నెట్టుకుని కంట్లోంచి బయటికి వచ్చి, గాజులాగా మెరుస్తూ తాడు వెంట జారింది. బరువంతా తాడు మీద తాడు ఒరుసుకునేలా పడింది. నైలాను తాడు కాలిన వాసన వచ్చింది. స్లింగు కన్ను కరిగి తెగిపోయింది. ఇంకా కొంచెం చెక్కతో అంటుకునే ఉన్న కొమ్మ వంటింటి మీద పడలేదు. మాను వైపుకు ఊగి వచ్చి వాసిం రొమ్ముకు కొట్టింది. అతను బెల్టుకు వేలాడిపోయాడు.

రాఘవులు తాడు వదల్లేదు. అరచేతుల తోలు లేచిపోయినా వదల్లేదు. వాసింను దించి ఇరుగుపొరుగు వాళ్లు ఆటోలో వేసుకెళ్లారు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

వాళ్లు శవంతో తిరిగొచ్చేసరికి రాఘవులు పంపు దగ్గర కూర్చుని రక్తం కారే చేతులతో రింగు కడుగుతున్నాడు. పేరంటాలు వెళ్లి పంపు కట్టేసింది. అతను మళ్లీ తిప్పాడు.

చాంద్ బాషా లారీ దిగి వచ్చాడు. తమ్ముడి ముఖం చూశాడు, తెగిన స్లింగు చూశాడు.

"కుట్టమన్నాను గదా, రాఘవులూ."

"అన్నావు భాయ్."

 రాఘవులు రింగు కింద పెట్టి లేచాడు. శవం ఇంటికి చేరేలోపు వాసిం భార్యకు తన నోటితోనే చెప్పాలన్నాడు. "నేనూ వస్తానయ్యా," అంది పేరంటాలు. వద్దని, ఆ పిల్లాడి శవం పక్కన ఆడమనిషి ఒకరుండాలని, వ్యానులో రమ్మని చెప్పాడు. ఆమె ఒప్పుకుంది.

వ్యాను తెనాలిలో ఆగేసరికి ఫర్హానా వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. రాఘవులు ఇటు రాలేదన్నారు ఇంట్లోవాళ్లు. పేరంటాలే చెప్పాల్సి వచ్చింది.

వాసింను మర్నాడు తెనాలిలో పూడ్చారు. రాఘవులు రెండువేల తొమ్మిది ఆగస్టులో, ఆ వాన సాయంత్రం, రేపల్లెలో తెనాలి రైలెక్కాడు. తెనాలిలో దిగగా చూసినవాళ్లు లేరు. బాపట్లకు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.